పాత స్పోర్ట్స్ కారుకి 17 అంగుళాల వీల్స్ ఎందుకు?

పోయిన వారం ఒక స్నేహితుడు ఫోటో పంపాడు. ఎర్ర రంగు మజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, మొదటి తరంది, టాప్ మడిచేసి ఉంది, కింద పాత మినీ కార్ల మీద పేరు తెచ్చుకున్న 8 స్పోకుల మినీలైట్ తరహా వీల్స్. "నా కారుకీ ఇలాంటివే కావాలి, పాత లుక్ అదిరింది కదా, ఎక్కడ దొరుకుతాయో చెప్పు" అని రాశాడు. ఫోటో పెద్దది చేసి టైరు మీద అక్షరాలు చదివాను. 205/40ఆర్17, అంటే టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ 17 అంగుళాలు. "స్పోకులు బాగున్నాయి గానీ ఇది పాత లుక్ కాదురా" అని జవాబిచ్చాను. నొచ్చుకున్నట్టున్నాడు, రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఒక్క ముక్కలో తేల్చేసినందుకు నాకూ బాధేసింది. ఎందుకంటే అదే కారుతో, అదే ముచ్చటతో ఏడాదిన్నర తిరిగితే గానీ నాకు ఆ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, అతనికీ, ఇదే వెతుకులాటలో ఉన్న మిగతావాళ్లకీ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత కారు పాత కారులా కనిపించడంలో స్పోకుల డిజైన్ పాత్ర మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. రిమ్ ఎంత చిన్నగా ఉంది, దాని చుట్టూ రబ్బరు ఎంత మందంగా ఉంది, ఆ మొత్తం మడ్‌గార్డ్ కింద ఎక్కడ నిలబడింది, వీటిలోనే ఉంది అసలు సంగతంతా. కాబట్టి వెతకడం అంకెలతో మొదలుపెట్టాలి. ఫోటోలు చూసుకోవడం చివర్న.

రబ్బరు ఎంత, ఇనుము ఎంత

నా కారు 1991 మోడల్, 1.6 లీటర్ ఇంజన్. నా చేతికొచ్చేసరికే దానికి 17 అంగుళాల వీల్స్ ఉన్నాయి, ముందు ఓనర్ వేయించినవి. మొదటి నెల రోజులు అవే బాగున్నాయనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటీ బయటపడటం మొదలైంది. చిన్న గుంత తగిలినా డాష్‌బోర్డు లోపల ఎక్కడో ఏదో గలగలమనేది. లారీలు తిరిగి తిరిగి గాడి పడిన రోడ్డు మీద స్టీరింగ్ దానంతటదే ఆ గాడి వైపు లాగేది. కారు పాతదైపోయింది కదా, ఇంతేనేమో అని సరిపెట్టుకున్నాను.

ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది 185/60ఆర్14 టైర్లతో. 185లో 60 శాతం అంటే టైరు గోడ 111 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 222, రిమ్ 355.6, మొత్తం చక్రం వ్యాసం 578 దరిదాపుల్లో. నా కారుకి ఉన్న 205/40ఆర్17కి గోడ 82 మిల్లీమీటర్లే, వ్యాసం మాత్రం 596. అంటే చక్రం 3 శాతం పెద్దదైంది, స్పీడోమీటర్ అంతకు అంత తక్కువ చూపిస్తోంది, గుంత దెబ్బని మింగాల్సిన రబ్బరు 29 మిల్లీమీటర్లు తగ్గిపోయింది. గలగలమని వినిపించింది ఆ 29 మిల్లీమీటర్లే.

కంటికి కనిపించే తేడా కూడా ఇక్కడే ఉంది. 14 వేసినప్పుడు చక్రం మొత్తం ఎత్తులో రిమ్ వాటా సుమారు 62 శాతం. 17 వేస్తే 72 శాతం. అసలు మినీలైట్‌ని మనం ఏ కారు మీద చూసి ప్రేమించామో ఆ మినీ సంగతి చూడండి. 1959లో వచ్చినప్పుడు దానికి 10 అంగుళాల చక్రాలు. 165/70ఆర్10 టైరు వేసిన మినీలో రిమ్ వాటా 52 శాతమే, సగానికి సగం రబ్బరు. ఆ పది అంగుళాల్లో మధ్యలో నాలుగు నట్లకి చోటు పోగా మిగిలిన కొంచెం జాగాలో స్పోకులు పొట్టిగా, బలిష్ఠంగా, పిడికిలి బిగించినట్టు ఉంటాయి. మినీలైట్ అందమంతా ఆ పొట్టితనంలోనే ఉంది. అదే బొమ్మని 17 అంగుళాలకి సాగదీస్తే నట్ల జాగా పెరగదు, స్పోకులే పొడుగవుతాయి, సన్నబడినట్టు కనిపిస్తాయి. డిజైన్ పేరు అదే, లెక్కకి 8 స్పోకులూ ఉన్నాయి, అయినా చూడగానే ఏదో తేడా కొడుతుంది. నా స్నేహితుడి ఫోటోలో నాకు నచ్చనిది ఇదే, ఆ రోజు మాటల్లో పెట్టలేకపోయాను.

మీ కారు ఫోటో ఒకటి పక్క నుంచి తీసుకుని స్కేలు పెట్టి రిమ్‌నీ టైరునీ కొలవండి. ఆ కారు తయారైన కాలం నాటి ఫోటోలో కూడా అలాగే కొలవండి. నాకు ఏ వాదనా చెప్పలేనిది ఈ చిన్న పని చెప్పింది.

నెలవంక

లెక్కలు తెలిసినంత మాత్రాన తప్పు చేయకుండా ఉంటామని కాదు. నేను చేసిన పెద్ద తప్పు ఈ లెక్కలన్నీ వేసిన తర్వాతే చేశాను.

13 అంగుళాలకి వెళ్దామనుకున్నాను. 175/70ఆర్13 టైరు వ్యాసం 575, అంటే ఫ్యాక్టరీ చక్రానికి దాదాపు సమానం. 1.6 ఇంజన్ కారుకి ముందు బ్రేకు డిస్కు 235 మిల్లీమీటర్లు కాబట్టి కొన్ని 13 అంగుళాల రిమ్ములు కాలిపర్‌కి, అంటే డిస్కుని పట్టి నొక్కే బ్రేకు భాగానికి, తగలకుండా పడతాయి. 1994 మోడల్‌తో 1.8 ఇంజన్ వచ్చాక డిస్కు 255 అయింది, ఆ కార్లకి 13 ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. ఇదంతా చదువుకున్నాను. సరిగ్గా అప్పుడే ఒకాయన దగ్గర ఇటలీ కంపెనీ ఫియట్ పాత స్పోర్ట్స్ కారు నుంచి తీసిన క్రోమోడోరా అనే బ్రాండు వీల్స్ నాలుగు అమ్మకానికి ఉన్నాయని తెలిసింది. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. ఆయన "4×100 అండీ, మీ కారుకి పడతాయి" అన్నాడు. అంటే నాలుగు నట్టు రంధ్రాలు, వాటి నడిమధ్యల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు; ఆ కొలతనే పీసీడీ అంటారు. అబద్ధమాడాలని కాదు, టేపు పెట్టి కొలిచాడట. టేపులో 98కీ 100కీ తేడా ఏం తెలుస్తుంది? ఆ కాలపు ఫియట్ స్పోర్ట్స్ కార్ల పీసీడీ 4×98 అన్న సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. తెలియదు.

తెచ్చి గ్యారేజీలో కారుని జాకీ మీద ఎత్తి మొదటి వీల్ పెట్టాను. హబ్ మీదకి, అంటే ఇరుసు చివర చక్రం కూర్చునే భాగం మీదకి, ఇట్టే ఎక్కింది. ఎక్కదా మరి, ఫియట్ వీల్ మధ్య రంధ్రం 58.1, మజ్దా హబ్ 54.1, చుట్టూ 2 మిల్లీమీటర్ల ఖాళీ. నట్లు బిగించే మరల కడ్డీలు, స్టడ్లు, నాలుగూ రంధ్రాల్లోంచి బయటికొచ్చాయి. సంతోషంగా నట్టు చేత్తో తిప్పాను. మూడు చుట్లు సాఫీగా తిరిగింది, నాలుగో చుట్టులో బిగుసుకుంది. ఇంకో నట్టు, అదే కథ. స్పానర్ వేస్తే బిగిసేవి, ఆ సంగతి వేళ్లకి తెలుస్తూనే ఉంది, కానీ ఎందుకో చేయి ముందుకు పోలేదు.

పక్కనే ఉన్న మెకానిక్ బాబాయ్‌ని పిలిచాను. పాత కార్ల మీదే జీవితం గడిపిన మనిషి. ఏమీ మాట్లాడకుండా నట్టు తీసి, దాని వాలు అంచుకి నీలం మార్కర్ చుట్టూ రుద్ది, మళ్లీ చేత్తో బిగించి, స్పానర్‌తో ఒక్క చిన్న పట్టు పట్టి, విప్పి నా అరచేతిలో పెట్టాడు. నీలం రంగు ఒక పక్కన మాత్రమే చెరిగింది. సన్నటి నెలవంకలా. మిగతా చుట్టంతా రంగు చెక్కుచెదరలేదు.

"చూశావా బాబూ, ఇది కూర్చోలేదు, ఆనుకుంది" అన్నాడు.

"ఒక్క మిల్లీమీటరే కదా బాబాయ్?"

"స్టడ్డు విరిగాక కూడా ఒక్క మిల్లీమీటరే అంటావా?"

98కీ 100కీ తేడా వ్యాసంలో 2, అంటే ఒక్కో స్టడ్డు రంధ్రం నడిమధ్య నుంచి 1 మిల్లీమీటరు బయటికి ఉంటుంది. కోను ఆకారపు నట్టు వాలు చుట్టూ సమానంగా కూర్చుంటేనే దాని బిగువు నిలుస్తుంది. ఒక అంచు మీదే ఆనుకున్నదాన్ని 100 న్యూటన్ మీటర్లకి బిగిస్తే ఆ బలం స్టడ్డుని పక్కకి వంచుతూ ఉంటుంది, ప్రతి మలుపులోనూ, ప్రతి బ్రేకులోనూ. వెంటనే ఏమీ కాదు. అందుకే అది మరీ ప్రమాదం. అసలు పట్టని వీల్ మనల్ని ఏమీ చేయదు, ఇంటికి తీసుకుపోతాం, అంతే. పట్టీ పట్టనిదే మనుషుల్ని చంపుతుంది.

దీనికి మందు ఉందని చెప్పేవాళ్లున్నారు. కోను విడిగా కదిలే బోల్టులు, నట్లు వస్తాయి, రెండు మిల్లీమీటర్ల తేడాని అవి సర్దుకుంటాయి, వాటితో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదించను. కానీ నా మటుకు నాకు, చక్రం బిగించాక మనసులో ఒక సందేహం మిగిలిపోతే ఆ కారు నడపడంలో సుఖం లేదు.

ఇదే రకం ఉచ్చు ఇంకోటి ఉంది. మినీ పీసీడీ 4 అంగుళాలు, మిల్లీమీటర్లలో 101.6. దాన్నీ జనం 100 అనేస్తారు. మనకి తరచూ కనిపించే 114.3 కూడా నిజానికి నాలుగున్నర అంగుళాలే. ఎంజీబీ, డాట్సన్ 240జెడ్ అనే పాత స్పోర్ట్స్ కార్లు రెండిటికీ అదే. కాబట్టి మాట మీద నమ్మకం పెట్టుకోకండి, టేపూ వద్దు. వెర్నియర్ పట్టుకుని ఎదురెదురు రంధ్రాల్లో ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు వరకు కొలవండి, అదే పీసీడీ. నాలుగు రంధ్రాల వీల్‌కి ఇంతకంటే సులువైన దారి లేదు.

నట్ల సంగతీ చెప్పాలి. కొన్నిటికి 60 డిగ్రీల కోను, కొన్నిటికి గుండ్రటి బంతి అంచు, పాత తరహా వీల్స్ కొన్నిటికి నిటారు గొట్టం ఉండి కింద వాషర్ పడేవి. మరలు కూడా ఒకటి కాదు: మజ్దాది ఎం12×1.5, 240జెడ్‌ది ఎం12×1.25, అంటే మందం రెండిటికీ 12 మిల్లీమీటర్లే, మర చుట్ల మధ్య దూరం వేరు. వీల్స్ కొంటే వాటికి సరిపోయే నట్లు కూడా అదే రోజు కొనండి. పాతవే వేద్దాంలే అనుకోవద్దు.

లోతు మీద మోజు

ఇక్కడ నా వాదనలో నాకే ఇబ్బంది పెట్టే చోటు వస్తుంది, దాటవేయకుండా చెబుతాను.

పాత స్పోర్ట్స్ కారు వీల్ అనగానే మన మనసులో మెదిలేది లోతైన వీల్. అంచు బయటికి, మధ్య భాగం లోపలికి, గిన్నెలా. ఆ లోతు ఆఫ్‌సెట్ తక్కువ ఉండటం వల్ల వస్తుంది. రిమ్ వెడల్పు నడిమధ్య నుంచి హబ్ ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందో అదే ఆఫ్‌సెట్, దాన్నే ఈటీ అని రాస్తారు. అప్పటి వెనక చక్రాల డ్రైవ్ కార్లు చాలా వాటికి ఆఫ్‌సెట్ సున్నాకి దగ్గరగా ఉండేది. తర్వాత ముందు చక్రాల డ్రైవ్ వచ్చింది, డిస్కు బ్రేకులు పెరిగాయి, స్టీరింగ్ జామెట్రీ మారింది, ఆఫ్‌సెట్ 35, 40, 45 అయిపోయింది. అందుకే 240జెడ్ ఓనర్‌కి ఇవాళ్టి కొత్త వీల్స్ పడవు, పీసీడీ కలిసినా లోపలికి పోయి సస్పెన్షన్‌కి తగులుతాయి. మధ్యలో 25 మిల్లీమీటర్ల దిమ్మ వేసి ఈటీ 40ని 15 చేసుకుంటారు కొందరు.

ఎంఎక్స్-5ది దీనికి తలకిందుల కష్టం. చూడటానికి అది 1960ల రోడ్‌స్టర్‌లా, అంటే టాప్ తెరిచే రెండు సీట్ల కారులా ఉంటుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దాన్ని బయటపెట్టినప్పుడే అందరికీ 1962 నాటి లోటస్ ఎలాన్ గుర్తొచ్చింది, అది గుర్తు రావాలనే చేశారు కూడా. కానీ దాని వీల్ 14×5.5, అంటే 14 అంగుళాల వ్యాసం, ఐదున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 45. బొత్తిగా ఆధునిక ఆఫ్‌సెట్. ఆ ఆఫ్‌సెట్ పాటిస్తే వీల్ ముఖం చదునుగానే ఉంటుంది, లోతు రాదు. మరి పాత లుక్ కోసం లోతు తెచ్చుకోవాలా, కారు కోరిన అంకెకి కట్టుబడాలా?

చాలామంది 15×7, ఈటీ 25 దగ్గర రాజీ పడతారు. నేనూ దాదాపు ఆర్డర్ పెట్టబోయి లెక్క వేశాను. రిమ్ ఒకటిన్నర అంగుళం వెడల్పు పెరిగితే చెరో వైపు 19 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 20 తగ్గింది కాబట్టి మొత్తం 20 బయటికి జరిగింది. లోపలి అంచు ఒక్క మిల్లీమీటరు తేడాతో ఎక్కడున్నది అక్కడే ఉంది, బయటి అంచు మాత్రం 39 మిల్లీమీటర్లు బయటికొచ్చింది. చూడటానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు నేలని తాకే మధ్య చోటుకీ దూరం కూడా ఆ 20 మిల్లీమీటర్లూ పెరుగుతుంది. గాడి పడిన రోడ్డు మీద స్టీరింగ్ లాగడం, ఒక చక్రం గుంతలో పడితే చేతులు జలదరించడం, బేరింగ్ మీద అదనపు భారం, అన్నీ అక్కడి నుంచే. 17ల మీద నేను పడ్డ బాధలో సగం దీనిదేనని తర్వాత అర్థమైంది, ఆ వీల్స్ ఆఫ్‌సెట్ కూడా ఫ్యాక్టరీ దానికి చాలా దూరం.

ఈ విషయంలో బాబాయ్ దగ్గరే పాఠం నేర్చుకున్నాను. నచ్చిన వీల్ ఫోటోలు ఫోన్లో వరసగా చూపిస్తుంటే ఒక మూడు చూసి ఫోను నా చేతిలో పెట్టేశాడు. "ఫోటో చూపించకు బాబూ, స్కేలు చూపించు" అన్నాడు. నా పాత ఫ్యాక్టరీ వీల్ ఒకటి బోర్లా పడేసి, దాని అంచుల మీద తిన్నటి చెక్క పట్టీ అడ్డంగా పెట్టి, పట్టీ కింది నుంచి హబ్ ఆనే ముఖం వరకు స్టీలు స్కేలు దించాడు. 127 మిల్లీమీటర్లు దాటి ఒక పిసరు. రిమ్ 5.5 అంగుళాలంటే టైరు కూర్చునే చోటు కొలత, అంచులు కలిపితే బయటి వెడల్పు ఒక అంగుళం ఎక్కువ, అంటే 165. అందులో సగం 82.5. తీసేస్తే 45. వీల్ మీద ఏ గుర్తూ లేకపోయినా, అమ్మేవాడికి ఏమీ తెలియకపోయినా, ఒక చెక్క పట్టీ చాలు. అప్పటి నుంచి నా సంచిలో అది ఉంటుంది.

చివరికి నేను లోతుని వదులుకున్నాను. పూర్తిగా కాదు, 14×6, ఈటీ 38 దగ్గర ఆగాను. బయటి అంచు 13 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, లోపల మార్పు లేదు, స్టీరింగ్‌కి తెలిసే తేడా 7 మిల్లీమీటర్లే. మడ్‌గార్డ్ అంచుకి టైరు దగ్గరగా వచ్చి నిలబడుతుంది, నిజానికి లోతు నుంచి నేను ఆశించిన నిండుతనం అక్కడే దొరికింది.

ఎదుటివాళ్ల మాటలోనూ నిజముంది

టైర్లు దొరకవు అంటారు. నిజం. 13, 14 అంగుళాల్లో మంచి పట్టు ఉన్న టైర్ల రకాలు తగ్గిపోతూనే ఉన్నాయి. దొరికినవాటి మీద తేదీ కూడా చూసుకోవాలి. చివర్న నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. ఎవరూ అడగని సైజులు గోడౌన్‌లో ఏళ్లకేళ్లు పడుంటాయి, కొత్తవే అని మనం కొనేవి అప్పటికే ముసలివై ఉంటాయి. ఈ ఒక్క కారణానికి ఎవరైనా 15కి వెళ్తే నేను తప్పు పట్టను. 195/50ఆర్15 వ్యాసం 576, అసలు చక్రానికి రెండు మిల్లీమీటర్లే తేడా, గోడ 97 మిల్లీమీటర్లు మిగులుతుంది, కంటికీ నడుముకీ ఇబ్బంది లేదు. నా గీత 15 దగ్గర ఉంది. 16 దగ్గర మనసు ఊగుతుంది, 17 దగ్గర ఊగదు.

ఇంకొకరు ఇంకా లోతైన ప్రశ్న వేశారు. నీ కారు 1991ది, దానికి 1960ల వీల్ వేయడం వేషం కాదా అని. చాలా రోజులు ఆలోచించాను. ఆ కారుకి ఫ్యాక్టరీ ఇచ్చిన 7 స్పోకుల అల్లాయ్‌ని చూడండి, మినీలైట్ వైపు చూస్తూ గీసిందని ఎవరికైనా తెలిసిపోతుంది. కారు పుట్టడమే ఆ జ్ఞాపకంతో పుట్టింది. కాబట్టి వేషం అనలేను. కానీ ఈ ప్రశ్న నన్ను ఇంకో చోటికి తీసుకెళ్లింది: అయితే ఆ 7 స్పోకుల వీలే ఎందుకు వేయకూడదు? తూకం వేశాను, ఐదున్నర కిలోలకి కాస్త అటూ ఇటూ. ఈ రోజుల్లో ఆ బరువుకి అంత గట్టి వీల్ చేయాలంటే మాటలు కాదు. నేను కొన్న 14×6 ఒక్కోటి దానికంటే సుమారు కిలో ఎక్కువ. సస్పెన్షన్ మోయని బరువు అది, చక్రంతో పాటు ఎగిరి పడే బరువు. ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. అందం కోసం నాలుగు కిలోలు మోస్తున్నాను, తెలిసే మోస్తున్నాను. నా ఫ్యాక్టరీ వీల్స్‌లో ఒకదానికి పగులు లేకపోయి ఉంటే బహుశా ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

అసలు పాతవి కొనాలా, పాతవాటిలా చేసిన కొత్తవా?

దీనిలో మాత్రం నాకు సందేహం లేదు. తిరగడానికైతే కొత్తవే.

తొలినాటి మినీలైట్లు మెగ్నీషియం పోతవి. ఎంత తేలికో అంత సున్నితం, తేమ తగిలితే తెల్లగా పొడిబారి లోపల్లోపల తినేసుకుంటుంది. పెయింటు కింద ఏముందో కంటికి తెలియదు. రంగు ద్రవం పూసి, తుడిచి, పగుళ్లలోకి ఇంకినది బయటికి ఉబికేలా చేసే పరీక్ష ఒకటుంది, అది చేయించకుండా ఏభై ఏళ్ల నాటి మెగ్నీషియం చక్రం మీద ఎవరినీ ఎక్కించుకోకూడదు. 1966లో వచ్చిన పోర్షే 911 ఎస్ మీద కనిపించిన ఫుక్స్ వీల్స్ వేరే కోవ, అవి అల్యూమినియాన్ని ఒత్తిడితో సాగగొట్టి చేసిన ఫోర్జ్‌డ్ వీల్స్, అందుకే ఇన్నేళ్లయినా నమ్మకంగా తిరుగుతున్నవి ఉన్నాయి. అయినా వాటినీ ఎవరో ఎప్పుడో గోడకి గుద్ది, బెండు తీయించి, పాలిష్ పెట్టి ఉండొచ్చు. పాత వీల్‌కి గతం ఉంటుంది, ఆ గతం అమ్మేవాడికి కూడా తెలియదు.

నకలు వీల్ అంటే కొందరికి చిన్నచూపు. ఆ చూపుని అర్థం చేసుకోగలను, గీసినవాడి శ్రమని ఇంకొకరు అచ్చుపోసి అమ్ముతున్నారన్న బాధ న్యాయమైనదే. కానీ నేను చూసేది వెనక పక్క. ఎంత బరువు మోస్తుందో అంకె పోతపోసి ఉందా, జపాన్ ప్రమాణం తెలిపే జేడబ్ల్యూఎల్ లాంటి గుర్తు ఉందా, సైజూ ఆఫ్‌సెట్టూ చెక్కి ఉన్నాయా. ఏ అంకే లేని నున్నటి వీల్‌ని, అది ఎంత అందంగా ఉన్నా, గోడకి తగిలించుకోవచ్చు గానీ కారుకి వేయను.

తీగ చక్రాల గురించి అడుగుతారని తెలుసు. జాగ్వార్ ఈ-టైప్ మీద ఆ 72 తీగల చక్రం తిరుగుతుంటే చూసి మనసు పారేసుకోనివాళ్లెవరు? కానీ అది ఇంట్లో ఇంకో మనిషిని పెట్టుకున్నట్టు. తీగలు సడలుతాయి, బిగించి వంకర తీయాలి, హబ్ మీది పళ్లు అరిగితే కారు ముందుకీ వెనక్కీ మారినప్పుడల్లా టక్‌మంటుంది. పైగా ఎంజీబీ లాంటి కార్లలో తీగ చక్రాల మోడల్‌కి వెనక ఇరుసే పొట్టిది, అందులోంచి ఇందులోకి మారడం నాలుగు నట్ల పని కాదు. పుట్టుకతో తీగ చక్రాలున్న కారుకి వాటిని నిలబెట్టుకోండి, లేనిదానికి తగిలించకండి.

బిగించిన రోజు

కొత్త వీల్స్ మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దది. 54.1కి సరిపోయే రింగులు వేసి కూర్చోబెట్టాం. 60 డిగ్రీల కోను నట్లు, చేత్తోనే చివరిదాకా తిరిగాయి. బాబాయ్ అడగకముందే నేనే నీలం మార్కర్ రుద్ది, బిగించి విప్పి చూపించాను. చుట్టూ ఒకేలా చెరిగింది. ఆయన తలూపి, కావాల్సిన బిగువు రాగానే టక్‌మని చెప్పే టార్క్ రెంచ్ అందించాడు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ పెట్టాను, రెండు నట్లు ఒక పిసరు తిరిగాయి, మిగతావి వెంటనే టక్‌మన్నాయి. మొదటిసారి ఆ గాడి రోడ్డు మీద స్టీరింగ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని వెళ్లాను.

నా స్నేహితుడు మొన్న ఫోన్ చేశాడు. ఆ 17ల బేరం ఇంకా వదల్లేదట, కానీ "నీ చెక్క పట్టీ ఒకసారి తీసుకురా" అన్నాడు. వెళ్తాను.

ఆ క్రోమోడోరా వీల్స్ ఏడాది పాటు నా గ్యారేజీ అటక మీద ఉన్నాయి. అమ్మబుద్ధి కాలేదు, వాడే వీలు లేదు. పోయిన నెల ఫియట్ 124 స్పైడర్ ఉన్నాయన ఒకరు తారసపడ్డారు, వాటి కోసమే వెతుకుతున్నారట. కొన్న ధరకే ఇచ్చేసి, బిగించేటప్పుడు చూస్తానని అడిగాను. ఫియట్‌కి స్టడ్లుండవు, బోల్టులు. ఆయన వీల్ ఎత్తి హబ్ మీద ఆనించారు, మధ్య రంధ్రం ఖాళీ లేకుండా కూర్చుంది. నాకు ఒక బోల్టు ఇచ్చారు. రెండు వేళ్లతో తిప్పాను. మూడు చుట్లు, నాలుగు, ఐదు, ఎక్కడా పట్టేయకుండా చివరిదాకా దిగిపోయింది.